నోట్లో బ్రహ్మాండం చూసిన యశోద మళ్ళీ రోలుకెలా కట్టగలిగింది?

అమ్మా, మీ ప్రశ్న చదివాను. కృష్ణాష్టమికి స్కూల్లో మీ పాప యశోద వేషం వేస్తోంది. మీరు కథ చెబుతుంటే మధ్యలో ఆపి అడిగింది: "మన్ను తిన్నప్పుడు నోట్లో లోకాలన్నీ చూసింది కదా, దేవుడని తెలిసీ తాడుతో ఎందుకు కట్టేసింది?" మీ అత్తగారు "అంతా ఆయన లీలే" అన్నారు. మీరు "యశోదకు తెలీదమ్మా" అన్నారు. రెండూ పాపకు నచ్చలేదు. ఏది సరైందని మీరు అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. యశోదకు తెలిసింది. తెలిసిన మరుక్షణమే కృష్ణుడు మరపించాడు. ఆమె మరిచిపోయింది కాబట్టే కట్టగలిగింది. ఇది నా ఊహ కాదు, భాగవతం దశమ స్కంధంలో స్పష్టంగా ఉన్న మాటే. ఆ మరపును లోపంగా చూడాలా, భాగ్యంగా చూడాలా అన్న దగ్గరే అసలు రుచి ఉంది. నేను భాగ్యమనే అంటాను. ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

నేను తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. విశాఖపట్నం సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆదివారం సాయంత్రాలు కొంతమందిమి కూర్చుని భాగవతం చదువుకుంటాం. దశమ స్కంధం ఎత్తుకున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. కాకపోతే పెద్దవాళ్ళు "తప్పేమో" అని నసుగుతూ అడుగుతారు, మీ పాప సూటిగా అడిగింది.

మొదట ఒక సంగతి. చాలామందికి మన్ను తిన్న కథ ఒక్కటే గుర్తు. యశోద ఆ నోట్లో విశ్వాన్ని చూసింది ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి పాలిస్తున్నప్పుడు. తృణావర్తుడనే రాక్షసుడు సుడిగాలిలా వచ్చి పిల్లవాడిని ఎత్తుకుపోయిన గండం గడిచాక, ఒకనాడు ఒళ్ళో పడుకోబెట్టుకుని పాలిచ్చింది. వాడు కడుపునిండా తాగి ఆవులించాడు. ఆ ఆవులింతలో ఆకాశం, దిక్కులు, సూర్యచంద్రులు, సముద్రాలు, కొండలు కనిపించాయి. ఆమె ఏం చేసిందో తెలుసా? వణికిపోయి కళ్ళు మూసుకుంది. స్తోత్రాలేమీ చదవలేదు.

రెండోసారి మన్ను తిన్నప్పుడు. బలరాముడూ తక్కిన పిల్లలూ వచ్చి చాడీ చెప్పారు. సంస్కృత మూలంలో కృష్ణుడు "నేను తినలేదమ్మా, వీళ్ళంతా అబద్ధాలాడుతున్నారు, కావాలంటే నా నోరు చూడు" అంటాడు. మన పోతన ఆ మాటను ఇంకాస్త ఇంటి దగ్గరకు తెచ్చాడు:

"అమ్మా! మన్ను దినంగ నే శిశువునో? యాఁకొంటినో? వెఱ్ఱినో?"

అని మొదలుపెట్టి, చివరికి "నా నోటి వాసన చూడు, తప్పయితే కొట్టు" అనిపిస్తాడు. చేసిన పని ఒప్పుకోకుండా, తనే పరీక్ష పెట్టమని సవాలు చేసే పిల్లలను మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కు వెళ్ళి కాసేపు కూర్చోండి. ఇసుక నోట్లో పెట్టుకున్న బుడ్డోడి రెండు బుగ్గలూ ఒక చేత్తో నొక్కి, రెండో చేతి చూపుడు వేలితో నాలుక కింద ఇసుక తీసే తల్లి ఒకరైనా కనిపిస్తుంది. "ఏట్రా గుంటడా ఇది" అని తిడుతూనే తీస్తుంది. యశోద చేయబోయింది సరిగ్గా అదే పని. తీరా నోరు తెరిపిస్తే అందులో ఇసుక లేదు, మన్ను లేదు, బ్రహ్మాండం ఉంది.

అందులో నన్ను ఇప్పటికీ కదిలించే వివరం ఒకటుంది. ఆ నోట్లో ఆమెకు గోకులం కూడా కనిపించింది. ఆ గోకులంలో తనూ కనిపించింది. అంటే కొడుకు నోరు తెరిపించి చూస్తున్న తల్లి, ఆ నోటి లోపల తననే చూసుకుంది. అప్పుడు వచ్చిందీ పద్యం:

"కలయో! వైష్ణవ మాయయో! యితర సంకల్పార్థమో! సత్యమో!
తలఁపన్ నేరక యున్నదాననొ! యశోదాదేవిఁ గానో! పర
స్థలమో! బాలకుఁడెంత? యీతని ముఖస్థంబై యజాండంబు ప్ర
జ్వలమై యుండుట కేమి హేతువొ! మహాశ్చర్యంబు చింతింపఁగన్."

"యశోదాదేవిఁ గానో" అన్న దగ్గర ఆగి చూడండి. నేను యశోదనేనా అని తన మీదే అనుమానం వచ్చింది. మూలంలో ఇంకో అడుగు ముందుకు వెళ్తుంది. "నేను నందుడి భార్యను, వీడు నా కొడుకు, ఈ ఆలమంద మాది అనుకుంటున్నాను, ఇదంతా నా భ్రమ, ఆయనే నాకు దిక్కు" అని అనుకుంటుంది. ఇంతకంటే తెలియడం ఏముంటుంది? వేదాంత క్లాసుల్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు చేరాలనుకునే చోటు అదే. కాబట్టి "యశోదకు తెలీదు" అన్న మీ జవాబు పూర్తిగా నిలబడదు.

సరిగ్గా ఇక్కడే కృష్ణుడు అడ్డుపడ్డాడు. తత్త్వం తెలిసిన ఆ గొల్లతల్లి మీద వైష్ణవమాయ కప్పాడు. ఆ మాయ ఏ రూపంలో ఉందట? పుత్రస్నేహం రూపంలో. వెంటనే అంతా మరిచిపోయి, పిల్లవాడిని ఒళ్ళోకి తీసుకుని, అంతకు ముందులాగే, ఇంకొంచెం ఎక్కువ ప్రేమగా చూసుకుంది.

కాబట్టి మీ అత్తగారు "లీల" అన్నారే, ఆ మాటా సరైందే. దాని లోపల ఏం జరిగిందో చెప్పకపోతే పిల్లలకు అది తప్పించుకునే సమాధానంలా వినిపిస్తుంది, అంతే తేడా.

మరి ఎందుకు మరపించాడు? దీనికి నేను క్లాసులో వివరణేమీ ఇవ్వను. ఇంకో తల్లి కథ చెబుతాను.

దేవకికి మొదటినుంచీ తెలుసు. చెరసాలలో పుట్టగానే నాలుగు చేతులతో, శంఖచక్రాలతో కనిపించాడు. ఆమె చేతులు జోడించి స్తోత్రం చేసింది. కంసుడి భయంతో "ఈ రూపం దాచుకో" అని వేడుకుంది. ఆ రాత్రే బిడ్డ గోకులం వెళ్ళిపోయాడు. ఏళ్ళు గడిచాయి. కంసుణ్ణి చంపాక కృష్ణుడూ బలరాముడూ వచ్చి తల్లిదండ్రుల సంకెళ్ళు విప్పించి, కాళ్ళకు మొక్కారు. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన తల్లి ఏం చేయాలి? మీద పడి ఏడవాలి కదా. చేయలేదు. వీళ్ళు జగదీశ్వరులని తెలిసిపోయింది కాబట్టి, కౌగిలించుకోవడానికి శంకించి చేతులు కట్టుకుని నిలబడిపోయారు దేవకీ వసుదేవులు. కృష్ణుడు అది చూశాడు. వీళ్ళకు ఈ తెలివి ఉండకూడదని అప్పటికప్పుడు తన మాయ కప్పాడు. "అమ్మా, నాన్నా, మా చిన్నతనం ముచ్చట మీకు దక్కలేదు" అని మాట్లాడాడు. అప్పుడు గానీ ఆ తల్లి కొడుకును ఒళ్ళోకి లాక్కోలేకపోయింది.

తెలిసిన తల్లి ముట్టుకోలేకపోయింది. మరిచిన తల్లి తాడుతో కట్టేసింది. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చెబితే మీ పాపకే అర్థమవుతుంది. మా క్లాసుకు వచ్చే ఒక పెద్దావిడ, పెందుర్తి వైపు నుంచి వస్తారు, పెద్దగా చదువుకోలేదు. దేవకి కథ వినగానే "మరి తెలిసుంటే తాడు చేతికి ఎలా వస్తాది బాబూ, దండం పెట్టి పక్కకి నిలబడిపోద్ది" అన్నారు. నేను అరగంట చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఇక రోలు కథకు వద్దాం. వేషం వేస్తున్నారు కాబట్టి ఇక్కడ వివరాలు మీకు పనికొస్తాయి. ఆ రోజు దాసీలందరికీ వేరే పనులు పురమాయించి యశోద తనే పెరుగు చిలుకుతోంది. చిలుకుతూ కృష్ణుడి చేష్టలనే పాటలుగా కట్టుకుని పాడుకుంటోంది. చేతి గాజులు, చెవి కమ్మలు కదులుతున్నాయి, ముఖాన చెమట, జడలోని మాలతీపూలు జారిపోతున్నాయి. కృష్ణుడు వచ్చి కవ్వం పట్టుకుని ఆపాడు, ఆకలి. ఒళ్ళోకి తీసుకుని పాలిస్తుండగా పొయ్యి మీద పాలు పొంగాయి. బిడ్డను దించేసి పరుగెత్తింది. (దేవుణ్ణి దించి పాలు చూసుకోవడానికి పరుగెత్తినందుకు యశోదను తప్పుపట్టిన పెద్దమనుషులు మా క్లాసులోనూ ఉన్నారు. వాళ్ళింట్లో పాలు పొంగితే లేచేది వాళ్ళు కాదు లెండి.) కడుపు నిండకుండానే దించేసిందని వాడికి కోపం. రాయితో పెరుగుకుండ పగలగొట్టి, దొంగ కన్నీళ్ళు పెట్టుకుని, లోపలికి పోయి వెన్న తిన్నాడు. తిరగేసిన రోలు ఎక్కి ఉట్టి మీది వెన్న కోతులకు పంచిపెట్టాడు.

ఈ రోలు రుబ్బురోలు కాదండోయ్. రోకలితో దంచే రోలు. మీ పాప దాని మీద నిలబడే కృష్ణుణ్ణి చూపించాలంటే థర్మాకోల్‌తో పొడుగాటి రోలు చేయించి తలకిందులుగా పెట్టండి. పూర్ణా మార్కెట్‌లో నెమలి పింఛం, పిల్లనగ్రోవి, దండలు దొరుకుతాయి గానీ రోలు మాత్రం మీరే తయారు చేసుకోవాలి.

ఆ తర్వాత బెత్తం పట్టుకుని వెనక నుంచి వచ్చింది. వాడు దూకి పరుగు, వెనకే తల్లి పరుగు. దొరికాక వాడు భయంతో కళ్ళు నులుముకుంటుంటే కాటుక చెదిరింది. అది చూసి యశోద కర్ర అవతల పారేసింది. ఇది పాపకు తప్పకుండా చెప్పండి. కొట్టలేదు. పారిపోకుండా కట్టేద్దామనుకుంది, అంతే. ఈ కథ చెప్పి "చూశావా, దేవుణ్ణే కట్టేశారు, నువ్వెంత" అని పిల్లలను బెదిరించే వాళ్ళను చూశాను. కర్ర పారేసిన ముక్క మాత్రం వాళ్ళు చెప్పరు.

పట్టుకున్నప్పుడు పోతన యశోద ఎలా మాట్లాడుతుందో చూడండి:

"వీ రెవ్వరు? శ్రీకృష్ణులు
గారా? యెన్నడును వెన్నఁ గానరఁట కదా!
చోరత్వం బించుకయును
నేరరఁట! ధరిత్రి నిట్టి నియతులు గలరే?"

"ఎవరండీ వీరు? శ్రీకృష్ణులవారు కదూ? వెన్న అంటే ఏమిటో ఎరుగరట, దొంగతనం అసలే రాదట, లోకంలో ఇంత నియమం గలవాళ్ళు ఉంటారా!" మన ఇళ్ళల్లో అమ్మకు ఒళ్ళు మండితే పిల్లవాడికి ఉన్నట్టుండి "అండీ", "గారూ" తగిలిస్తుందే, ఆ గొంతు ఇది. వేషానికి ఇంతకన్నా మంచి పద్యం దొరకదు. కందం కాబట్టి చిన్న పిల్లలకు నోరు తిరుగుతుంది. "కలయో వైష్ణవ మాయయో" మత్తేభం, ఎనిమిదేళ్ళ పాపకు ఊపిరి చాలదు.

తాడు రెండు వేళ్ళు తక్కువైంది. ఇంకో తాడు ముడివేసింది, మళ్ళీ రెండు వేళ్ళే తక్కువ. ఇంట్లో తాళ్ళన్నీ అయిపోయాయి, చూస్తున్న గోపికలు నవ్వుతున్నారు. ఆమె ఒళ్ళంతా చెమట, జుట్టు ఊడిపోయింది. అమ్మ అలసట చూసి జాలిపడి, తనే కట్టుబడ్డాడు. ఆ రెండు వేళ్ళకు వ్యాఖ్యాతలు ఒక అర్థం చెబుతారు: ఒక వేలు భక్తుడి శ్రమ, ఇంకో వేలు భగవంతుడి దయ. మొదటిది పూర్తయ్యాకే రెండోది వస్తుందని. పెద్దలు చెప్పిన మాట కాబట్టి నేనూ చెబుతాను. కానీ మూలంలో ఉన్నది తల్లి అలసటను చూసి కరిగిన కొడుకు మాత్రమే. పాపకు అది చాలు.

ఈ ఘట్టం కాగానే, భాగవత కథ చెబుతున్న శుకమహర్షి అంటాడు: ఈ గోపిక పొందిన అనుగ్రహం బ్రహ్మకు దక్కలేదు, శివుడికి దక్కలేదు, ఆయన వక్షస్థలంలోనే ఉండే లక్ష్మికీ దక్కలేదు. పోతన అదే భావాన్ని

"చిక్కఁడు సిరికౌగిటిలోఁ
జిక్కఁడు సనకాది యోగిచిత్తాబ్జములం
జిక్కఁడు శ్రుతిలతికావలిఁ
జిక్కె నతఁడు లీలఁ దల్లి చేతన్ ఱోలన్"

అని చెప్పాడు. లక్ష్మి కౌగిట్లో, యోగుల మనసుల్లో, వేదాల్లో చిక్కనివాడు తల్లి చేతిలో, రోలుకు చిక్కాడు. దేవుడని గుర్తుండి ఉంటే యశోద కూడా ఆ పెద్దల వరసలో చేతులు కట్టుకుని నిలబడి ఉండేది. అందుకే ఆ మరపును భాగ్యమన్నాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇదంతా భాగవతం లెక్క. విష్ణుపురాణంలోనూ రోలు కథ ఉంది గానీ, అక్కడ యశోద పిల్లవాడిని కట్టేసి "చేతనైతే ఇప్పుడు కదులు" అని తన పనిలోకి పోతుంది. రెండు వేళ్ళ గొడవ అక్కడ లేదు. యూట్యూబ్‌లో వేరేగా విన్నామని ఎవరైనా వాదిస్తే టెన్షన్ పడకండి. ఏ పుస్తకంలోదో అడగండి, సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

ఈ కథలన్నీ వింటుంటే, శుకుడి దగ్గర కథ విన్న పరీక్షిత్తు మహారాజుకు వచ్చిన సందేహమే మనకూ వస్తుంది: కన్నవాళ్ళకు దక్కని బాల్యం పెంచినవాళ్ళకు ఎలా దక్కింది? శుకుడి జవాబు: నందుడు పూర్వం ద్రోణుడనే వసువు, యశోద ఆయన భార్య ధర. భూమి మీద పుట్టినప్పుడు హరి మీద మాకు గొప్ప భక్తి కలగాలని బ్రహ్మను వరం అడిగారు. కొడుకు కావాలని దేవకి పూర్వజన్మలో తపస్సు చేసింది. యశోద అడిగింది భక్తి. గమనించండి, భక్తి అడిగిన ఆమెకు కొడుకును పెంచే భాగ్యం వచ్చింది.

దేవకిని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. ఆరుగురు బిడ్డలను కళ్ళముందు పోగొట్టుకున్న తల్లి ఆమె. మన అన్నమయ్య కూడా "ముద్దుగారే యశోద ముంగిట ముత్యము వీడు, తిద్దరాని మహిమల దేవకీసుతుడు" అని ఇద్దరినీ ఒకే ఎత్తుగడలో నిలిపాడు. ముద్దు యశోదది, మహిమ దేవకిది. మీ పాప సంగీతం నేర్చుకుంటూ ఉంటే ఈ పాట వచ్చే ఉంటుంది.

మా క్లాసుకు వచ్చే ఒక దంపతులు ఒక బాబును దత్తత తీసుకున్నారు. బంధువుల్లో ఎవరో "ఎంతైనా కన్నతల్లి కన్నతల్లే" అన్నారని ఆ అమ్మాయి చాలా బాధపడింది. నేను ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. కురుక్షేత్రంలో సూర్యగ్రహణ సమయంలో రెండు కుటుంబాలూ కలుసుకున్న అధ్యాయం తీసి చదివించాను. అక్కడ దేవకీ, బలరాముడి తల్లి రోహిణీ యశోదను కౌగిలించుకుని, గొంతు పూడుకుపోతుండగా అంటారు: ఇంద్రుడి ఐశ్వర్యం ఇచ్చినా మీ ఋణం తీరదు, కన్నవాళ్ళను చూడకుండానే మీ దగ్గరకు చేరిన ఈ పిల్లలను రెప్పలు కళ్ళను కాచినట్టు కాచారు. కన్నతల్లి నోటితోనే ఆ మాట అనిపించాడు వ్యాసుడు. ఆ అమ్మాయి ఆ పేజీ ఫోన్‌లో ఫోటో తీసుకుంది.

మన తెలుగువాళ్ళకు ఇంకో కథ కూడా ఉంది. కృష్ణుడి పెళ్ళి ఒక్కటీ చూడలేకపోయానని యశోద బాధపడితే, కలియుగంలో నా పెళ్ళి నీ చేతుల మీదుగా జరుగుతుందని మాటిచ్చాడట. ఆమే వకుళమాతగా పుట్టి, శ్రీనివాసుడికి పద్మావతినిచ్చి చేయమని ఆకాశరాజు దగ్గరకు వెళ్ళింది. ఇది భాగవతంలోది కాదు, వేంకటాచల మాహాత్మ్యం, తిరుమల సంప్రదాయం చెప్పే కథ. తిరుపతి దగ్గర పేరూరు కొండమీద వకుళమాత గుడిని పునరుద్ధరించి 2022లో తెరిచారు. తిరుపతి వెళ్ళినప్పుడు చూసి రండి.

పాప అడిగింది కాబట్టి, ఆమెకు చెప్పే మాట ఇలా పెట్టండి: "యశోదమ్మకు దేవుడని తెలిసింది. కానీ దేవుడని తెలిస్తే అమ్మ దండం పెడుతుంది, ఎత్తుకోదు. కృష్ణుడికి అమ్మ ఎత్తుకోవడం కావాలి. అందుకే మరిచిపోయేలా చేశాడు." పాప ఇంకో ప్రశ్న వేస్తుంది, చూస్తూ ఉండండి. "అయితే కృష్ణుడు మోసం చేసినట్టే కదా?" అంటుంది. మా క్లాసులో ఒక తొమ్మిదేళ్ళవాడు అలాగే అడిగాడు. "వెన్న దొంగతనం కూడా చేశాడు కదరా" అన్నాను, నవ్వి ఊరుకున్నాడు.

స్టేజీ మీద మూడు నిమిషాలే ఇస్తారు కాబట్టి మన్ను ఘట్టం, రోలు ఘట్టం రెండూ పెట్టకండి. రోలు ఒక్కటే తీసుకోండి, "వీ రెవ్వరు" పద్యం దగ్గర మొదలుపెట్టి "చిక్కఁడు సిరికౌగిటిలో" దగ్గర ఆపండి. మధ్యలో తాడు చాలక గోపికలు నవ్వే చోట పక్కన ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటే రక్తి కడుతుంది. పద్యాలకు విరుపులు కావాలంటే ఇక్కడే అడగండి, రాసి పెడతాను.